ఒక బల్ల మీద ఒకే తుపాకీ

చీల ఊడేటప్పుడు చేసే చప్పుడు వర్జిల్ టీగ్ చెవికి బాగా తెలుసు. కుడివైపు నుంచి కొయ్య సుత్తితో తడితే అది కాసేపు మొండికేస్తుంది. తరవాత ఉన్నట్టుండి జారి, కింద పరిచిన గుడ్డ మీద మెత్తగా పడుతుంది. ఆ రోజు అది మొండికెయ్యలేదు. తట్టీ తట్టకముందే వదులుగా కదిలి ఊడివచ్చింది. వర్జిల్ దాన్ని వేళ్ల మధ్య తిప్పి, కళ్లజోడు తుడుచుకుని, కిటికీ వెలుతురులో పట్టుకుని చూశాడు. దాని మీద ఉన్న నంబరు ఆ తుపాకీది కాదు.

ఇంత చిన్న ఇనుప ముక్క గురించి ఒక మనిషి అంత కంగారు పడడమేమిటని నవ్వేవాళ్లుంటారు. వాళ్లకోసం ఒక మాట చెప్పాలి. తూటా అనేది ఇంకా వాడకంలోకి రాని రోజుల్లో పుట్టిన రివాల్వర్లు ఇవి. చక్రంలోని ఒక్కో గదిలో ముందువైపు నుంచి మందు పోసి, సీసపు గుండు దట్టించి, వెనకవైపు చిన్న రాగి కేపు తొడిగేవారు. దీపావళికి పిల్లలు రాయితో కొట్టి పేల్చే కేపుకి అది ముత్తాత. గొట్టాన్నీ చట్రాన్నీ ఒకటిగా పట్టి ఉంచేది అడ్డంగా దిగే ఈ చీల ఒక్కటే. చేసినవాళ్లు ప్రతి భాగం మీదా అదే తుపాకీ నంబరు గుద్దేవారు. అన్నీ కలిస్తే, పాత తుపాకులు సేకరించే వర్జిల్ వాళ్ల సంఘంలో దాన్ని 'ఒకే ఇంటిది' అనేవారు. ఒక్కటి కలవకపోయినా అది ఇల్లు చెదిరినట్టే.

అన్నిటికన్నా ముందు పోయేది చీలే. శుభ్రం చెయ్యాలంటే మొదట ఊడేది అదే కదా. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో వర్జిల్ ఊరి పక్క నది ఒడ్డునే సైనికులు నిప్పు చుట్టూ కూర్చుని, ఒకే కుండలో సబ్బునీళ్లు కాచి, తుపాకులన్నీ కలిపి కడిగేవారట. ఒకడి చీల ఇంకొకడి తుపాకీలో దిగేది. ఒకడు ఉత్తరానికి, ఇంకొకడు భూమిలోకి పోయేవాడు. నూరేళ్ల తరవాత ఎవడో పిచ్చివాడు వాటిని కలపాలని సంతలన్నీ తిరుగుతాడు. ఆ పిచ్చివాళ్లలో వర్జిల్ ఒకడు.

అందుకే తన పనిగదికి అతను ఒక కట్టుబాటు పెట్టుకున్నాడు. ఒక బల్ల మీద ఒకే తుపాకీ. మొదటిది బిగించి అలమారాలో పెట్టి తాళం వేస్తే తప్ప రెండోది దిగదు. కెంటకీ వైపున ఆ నది పొడుగునా ఉన్న ఊళ్లలో కొత్తగా ఈ సరదా పట్టుకున్నవాళ్లందరికీ అతను చెప్పే మొదటి పాఠం అదే. సంఘంలో కుర్రవాళ్లు వెనకాల అతన్ని 'ఒక బల్ల' అనే పిలిచేవారు.

తుపాకుల పిచ్చి రాకముందు, వచ్చాక కూడా, వర్జిల్ పని పడవ. ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టుకి బండ్లనీ ఆవులనీ పెళ్లివాళ్లనీ దాటించే బల్లకట్టు పడవని వాళ్ల నాన్న తరవాత అతనే నడిపాడు. వంతెన వచ్చింది, పడవ పోయింది. చీల ఊడిన ఆ తుపాకీని, నేవీ అనే రకం రివాల్వర్‌ని, అతను పడవ రోజుల్లోనే సంపాదించాడు. ఒక ముసలి రైతు కొట్టంలో చూసి, ఇంకేమీ లేక తన ట్రక్కు ఇచ్చి తెచ్చుకున్నాడు. ఆ చలికాలమంతా భార్య మెర్లీన్ చర్చికి నడిచి వెళ్లింది. "ట్రక్కిచ్చి తుప్పు తెచ్చినవాడు మా ఆయన," అని ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్లకి పరిచయం చేస్తుంది.

తుప్పు కాదది. చక్రం చుట్టూ చెక్కిన ఓడల యుద్ధం ఉంది, తెరచాపలతో పొగతో. చాలా నేవీలకి ఆ ఓడలు తోలుసంచీలో ఒరుసుకుని అరిగిపోయి, చివరికి ఉత్త సముద్రం మిగులుతుంది. వర్జిల్ దాని మీద ఓడలు ఇంకా తేలుతూనే ఉన్నాయి. నది మీద బతికినవాడికి అది చాలు.

ఇప్పుడా చీల వేరే ఇంటిది.

అతను కూర్చుని ఆలోచించాడు. తుపాకీ తన ఇంటి గడప దాటింది ఈ మధ్య ఒక్కసారే. వసంతంలో గ్రంథాలయంలో పాత వస్తువుల ప్రదర్శన పెట్టినప్పుడు హార్లన్ ప్రూయిట్ అడిగి పట్టుకెళ్లాడు. కొన్నాళ్లు తన దగ్గర ఉంచుకుని, పాత తువ్వాలులో చుట్టి తెచ్చిచ్చాడు. హార్లన్ దగ్గరా ఒక నేవీ ఉంది. దానికి లేనిది చీలే. ఏదో గుడ్డి చీల, నంబరు లేనిది, అందులో నెట్టుకొస్తున్నాడు. పాత చీల ఒకటి దొరికితే అంకెలు అరగదీసి కొత్తవి గుద్దుకోవడం పెద్ద పనేమీ కాదు.

హార్లన్ అతని స్నేహితుడు. ఇద్దరూ మీసాలు రాకముందు నుంచీ ఎరుగుదురు. ఆ ఆలోచన వచ్చినందుకు వర్జిల్‌కి సిగ్గేసింది. సిగ్గుతో పాటు, ఒప్పుకోవడానికి ఇష్టం లేని ఒక ఊరట కూడా కలిగింది.

ఆ ఊరట ఎందుకో చెప్పాలంటే ఎండాకాలంలో జరిగిన సంగతి చెప్పాలి. ఒక మధ్యాహ్నం వర్జిల్ ట్రక్కు తీసుకుని పాత రేవుకి వెళ్లాడు. ఇంజను ఆపి, కిటికీ దించి, పడవ అవతలి నుంచి రావడం కోసం ఎదురుచూశాడు. ఎంతసేపు చూశాడో తెలియదు. పడవ వాడు ఇంత ఆలస్యం చేస్తున్నాడేమిటని విసుక్కున్నాడు కూడా. తరవాత నీళ్ల మీద వంతెన నీడ కనిపించింది. పడవ వాడు తనే కదా అని గుర్తొచ్చింది. ఇంటికొచ్చి మెర్లీన్‌తో ఏమీ అనలేదు. అప్పటి నుంచీ ఏది ఎక్కడ పెట్టినా రెండోసారి వెళ్లి తడిమి చూసుకునేవాడు.

చీల మారిందంటే మార్చిన చెయ్యి ఒకటుండాలి. అది హార్లన్‌ది అయితే ఒక స్నేహం పోతుంది, అంతే. కాకపోతే పోయేదేమిటో తలుచుకోవడానికి వర్జిల్ సిద్ధంగా లేడు.

అక్టోబరులో సంఘం వాళ్ల ప్రదర్శన జరిగేది సంత మైదానంలోని పశువుల షెడ్డులో. ఎంత కడిగినా ఎడ్ల వాసన పోదు. బల్లల మీద పచ్చగుడ్డలు, గుడ్డల మీద రివాల్వర్లు. అడగకుండా ఎవరూ ముట్టుకోరు. ముట్టుకున్నా చక్రం తిప్పరు, చెమట చెయ్యి ఇనుముకి ఆననివ్వరు. రెండు కుర్చీలకి సరిపడా మనిషి హార్లన్ తన బల్ల వెనక వేయించిన పీచ్ కజ్జికాయ తింటూ కూర్చున్నాడు.

"వచ్చాడండీ పడవల రాజు," అన్నాడు. "ఆ తుప్పు ఈ ఏడైనా అమ్ముతావా, నీ శవపెట్టెలో పెట్టి పూడ్చమంటావా? మెర్లీన్‌ని అడిగితే పూడ్చెయ్యమంది, నిన్ను కూడా కలిపి."

"నా చీల ఏదిరా?" అన్నాడు వర్జిల్.

"ఏ చీల?"

"నా నేవీది. నీ ఇంటికి వెళ్లేటప్పుడు నాది ఉంది. వచ్చేటప్పుడు ఎవరిదో ఉంది."

హార్లన్ నవ్వబోయాడు. వర్జిల్ మొహం చూసి ఆగాడు. "పొద్దున్నే ఏం తిన్నావురా నువ్వు?"

"మాట మార్చకు. నీ గుడ్డి చీల బాగుపడిందా? కొత్త నంబరు గుద్దుకున్నావా?"

చుట్టుపక్కల బల్లల దగ్గర మాటలు ఆగిపోయాయి. ఎదటివాడి తుపాకీలో భాగం మార్చాడని అనడం ఆ మనుషుల్లో ఎంత మాటో బయటివాళ్లకి చెప్పినా తెలియదు. పెళ్లాన్ని అన్నా ఊరుకుంటారు గానీ ఆ మాటకి ఊరుకోరు. సంఘానికి పెద్ద రోవెనా క్లెమ్ షెడ్డు అవతలి చివర నుంచి నడిచి వచ్చింది. ఒకప్పుడు కౌంటీ నర్సు. మనిషి పొట్టి, మాట సూది.

"ఏమిటిది? గిత్తల్ని లోపలికి రానివ్వద్దని బయట బోర్డు పెట్టాను కదా."

వర్జిల్ చెప్పాడు. జేబులోంచి ఆ చీల తీసి చూపించాడు. రోవెనా ముట్టుకోకుండా, "చూడు హార్లన్. నీ దగ్గర మారిందా, మారలేదా? ఒక్క మాట చెప్పు చాలు," అంది.

హార్లన్ వేళ్లు ప్యాంటుకి తుడుచుకుని చీలని అందుకున్నాడు. కప్పు కింది దీపం వైపు వంచి చూశాడు. నములుతున్న దవడ నిలిచిపోయింది. అంకెలు చదివాడు. మళ్లీ చదివాడు. తరవాత తలెత్తి వర్జిల్ వంక చూశాడు. ఆ చూపులో కోపం ఉంటుందని వర్జిల్ ఎదురుచూశాడు. అది లేదు. జ్వరం వచ్చిన పిల్లవాడి నుదుటి మీద చెయ్యి వేసి చూసేటప్పుడు తల్లి చూస్తుందే, అలా ఉంది.

"నా బల్ల మీదే కలిసిపోయి ఉంటుంది," అన్నాడు హార్లన్ నెమ్మదిగా. "రెండూ ఒకేసారి దించినట్టున్నాను. ఇంటికెళ్లి వెతుకుతాను."

"సొంతదారుకి చెప్పకుండా ఊడదీశావా?" అంది రోవెనా.

"తీశాననే అనుకో, మిస్ రోవెనా."

"అనుకోవడమేమిటి? తీశావా?"

"తీశాను."

"అయితే నీ బల్ల ఎత్తెయ్. సమావేశంలో మాట్లాడుకుందాం."

హార్లన్ కుర్చీలోంచి లేచాడు. ఒక్కో తుపాకీనీ గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టుకున్నాడు. సగం తిన్న కజ్జికాయని కాగితంలో మడిచి జేబులో వేసుకున్నాడు. వెళ్లేముందు చీలని వర్జిల్ అరచేతిలో పెట్టి, ఆ చేతి వేళ్లని తన చేత్తో మూశాడు. "పారేసుకోకు," అన్నాడు.

ఎవరో వర్జిల్ భుజం తట్టారు. ఎవరో, హార్లన్ అలాంటివాడని ఎప్పుడో అనుకున్నామన్నారు. అలా అన్నవాడి మొహం మీద గుద్దాలని వర్జిల్‌కి ఎందుకు అనిపించిందో అతనికే తెలియలేదు.

సాయంత్రం భోజనం దగ్గర మెర్లీన్ చిక్కుడు గింజలూ మొక్కజొన్న రొట్టే వడ్డిస్తుంటే జరిగింది చెప్పాడు. ఆవిడ గరిటె గిన్నెలోనే ఉంచేసి కూర్చుంది.

"ఒప్పుకున్నాడా హార్లన్?"

"ఒప్పుకోక ఏం చేస్తాడు?"

"ఏమన్నాడు సరిగ్గా?"

"రెండూ ఒకేసారి బల్ల మీదకి దించానన్నాడు. ఎన్నిసార్లు చెప్పాను వాడికి."

మెర్లీన్ లేచింది. తన పళ్లెంలోది అలాగే తీసుకెళ్లి కుక్కకి పెట్టింది. ఉల్లిపాయ తగిలినా ముట్టని కుక్కకి ఆవిడ అంత తిండి పెట్టడం వర్జిల్ చూశాడు. చూసి, రొట్టె ఇంకో ముక్క తుంచుకున్నాడు.

మర్నాడు పొద్దున కాఫీ పోస్తూ ఆవిడే ఎత్తింది.

"వర్జిల్, అలమారాలో ఉన్న నీ రెండో నేవీ ఒకసారి తీసి చూడు."

"ఎందుకు? అది ఎక్కడికీ వెళ్లలేదుగా."

"అందుకే చూడమంటున్నా."

"నీకేం తెలుసు మెర్లీన్ వీటి సంగతి? ట్రక్కు పోయిందని ఏడవడం తప్ప."

"నాకేం తెలియదు," అంది ఆవిడ. "నది పొంగి కరెంటు పోయిన వారం నీకు లాంతరు తెచ్చిచ్చాను. అది మాత్రం తెలుసు. అప్పుడు నీ బల్ల మీద రెండున్నాయి."

"అబద్ధం."

"రెండున్నాయి. ఇదేమిటి, ఒకటే కదా నీ లెక్క అన్నాను. నవ్వావు. నీళ్లు ఇంట్లోకొస్తే మోసుకుపోవడానికి తయారుగా ఉండాలన్నావు. నీ నవ్వు నాకు నచ్చలేదు. ఎవరో ముక్కూ మొహం తెలియని ఆడదానితో మాట్లాడినట్టు మాట్లాడావు. దయచేసి లాంతరు అక్కడ పెట్టండి అన్నావు నాతో."

వర్జిల్ కుర్చీ వెనక్కి తోసి పనిగదిలోకి వెళ్లాడు. రెండో నేవీ అంత అందమైనది కాదు. ఓడలు సగం మునిగిపోయినది. దాన్ని గుడ్డ మీద పెట్టి కొయ్య సుత్తి తీసుకున్నాడు. చీల బిగుసుకుని ఉంది. గట్టిగా కొట్టాల్సి వచ్చింది. జారి పడ్డాక వెంటనే చూడలేదు. చేతులు తుడుచుకున్నాడు. కిటికీ తెర పూర్తిగా తీశాడు. అప్పుడు చూశాడు.

ట్రక్కిచ్చి తెచ్చుకున్న తుపాకీ నంబరు అది.

అతను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. నది పొంగడం గుర్తుంది. కరెంటు పోవడం గుర్తుంది. లాంతరు లేదు, రెండో తుపాకీ లేదు, లాంతరు పట్టుకున్న మనిషి లేదు. అరిగిన చక్రం మీద ఓడలుండాల్సిన చోటు ఎలా ఉంటుందో, అక్కడ అలా ఉంది.

ఇంకొకటి అప్పుడు తట్టింది. ఈ రెండో నేవీని తనకి మార్పిడిలో ఇచ్చింది హార్లనే. అది చాలా ఏళ్లు వాడి దగ్గర ఉంది. చేతులు మారిన తుపాకీ నంబరు ఈ పిచ్చివాళ్లలో ఎవడూ మరిచిపోడు. నిన్న షెడ్డులో దీపం కింద హార్లన్ చదివింది తను ఇచ్చిన తుపాకీ నంబరే. తన సొంత తుపాకీ నంబరుని వర్జిల్ ఆనవాలు పట్టలేకపోవడం కూడా వాడు అప్పుడే చూశాడు.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు వంటింట్లోకి వచ్చి.

"నువ్వు అడగలేదు. నాకూ అడగాలని లేదు," అంది మెర్లీన్. ఆవిడ చేతులు ఏప్రాన్‌లో చుట్టుకుని ఉన్నాయి.

అతను రెండు తుపాకులూ రెండు చీలలూ పెట్టెలో పెట్టుకుని హార్లన్ ఇంటికి నడిచాడు. ట్రక్కు తియ్యలేదు. హార్లన్ వరండాలో కూర్చుని పెకాన్ కాయలు పగలగొడుతున్నాడు.

"చీల దొరకలేదు. ఇంకా వెతుకుతున్నా," అన్నాడు తల ఎత్తకుండా.

"దొరికింది."

హార్లన్ చేతిలో కాయ పగలలేదు. ఇంకోసారి నొక్కాడు. "నా బల్ల కిందేనా?"

"నాటకాలు ఆపరా. నీకు నిన్ననే తెలుసు."

"తెలుసు."

"మరి అందరి ముందూ దొంగతనం నెత్తినేసుకోవడమేమిటి? నీకు బుద్ధుందా?"

"ఎప్పుడుంది? నీతో స్నేహం చేశాను కదా." హార్లన్ పప్పు ఏరి అతనికిచ్చాడు. "కూర్చో. ఇప్పుడేం కొంప మునిగింది? ఒక ప్రదర్శన పోయింది నాకు. బల్లలు మొయ్యడానికి నడుం సహకరించడం లేదు ఎలాగూ. దీన్ని వదిలెయ్. ఏడాదిలో నువ్వే మరిచిపోతావు."

అనేశాక హార్లన్ మొహం ఎర్రబడింది. నోట్లోంచి జారిన మాటని వెనక్కి తీసుకోవడానికి దారి లేదు. తొక్క ఒకటి తీసి ఎదురుగా ఉన్న మొక్కజొన్న మోళ్లలోకి విసిరాడు. తరవాత వర్జిల్ నవ్వాడు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"అందుకే వచ్చాను," అన్నాడు. "రోవెనా దగ్గరికి తీసుకెళ్లు."

"సమావేశం వచ్చే వారం కదా."

"వచ్చే వారానికి ఇది నాకు ఎలా గుర్తుంటుందో నాకు తెలియదు. నువ్వు దొంగవనే గుర్తుండిపోతే? నీ మీదే మళ్లీ అరిస్తే? ఇవాళ నిజం నా చేతిలో ఉంది హార్లన్. ఇవాళే తీసుకెళ్లు."

హార్లన్ ఒళ్లో తొక్కలన్నీ దులుపుకుని లేచాడు.

రోవెనా వంటింట్లో పెద్ద కాగులో ఆపిల్ బటర్ అనే ఆపిల్ పళ్ల గుజ్జు ఉడుకుతోంది. గరిటె ఆపితే అడుగంటుతుందని ఆవిడ కలుపుతూనే విన్నది. వర్జిల్ వరసగా చెప్పాడు. నది పొంగడం, లాంతరు, రెండు తుపాకులు. గుర్తులేనిది గుర్తులేదనే చెప్పాడు. పాత రేవులో పడవ కోసం కూర్చున్న సంగతి కూడా చెప్పాడు. అది చెప్పాలనుకుని రాలేదు, వచ్చేసింది.

"ఇది మెర్లీన్‌కి తెలుసా, రేవు సంగతి?" అంది రోవెనా.

"తెలియదు."

"ఇంటికెళ్లగానే చెప్పు. డాక్టరు దగ్గరికి నేను కూడా వస్తాను. నర్సుగా కాదు, తోడుగా. ఇక సంఘం సంగతి. హార్లన్ బల్ల హార్లన్‌కే. అందరికీ నేనే ఫోను చేసి చెబుతాను."

"నేను చెప్పాలి. తప్పు చేసినవాడే నిలబడి చెప్పాలని కదా మన కట్టుబాటు."

"ఇప్పుడు చెప్పావుగా. నేను సంఘానికి పెద్దనా కాదా?" ఆవిడ గరిటె హార్లన్ చేతికిచ్చింది. "కలుపు, అబద్ధాలవాడా. నర్సుతో అబద్ధం చెప్పినవాడికి ఇదే శిక్ష. అడుగంటిందో చెప్తా."

వర్జిల్ పెట్టె తెరిచాడు. చీలలు వాటి ఇళ్లకి చేర్చి వెళదామనుకున్నాడు. మొదటి నేవీని బల్ల మీద పెట్టాడు. పక్కన రెండోదాన్ని కూడా పెట్టబోయాడు. హార్లన్ గరిటె వదలకుండానే ఎడమ చెయ్యి చాచి, దాన్ని మధ్యలోనే అందుకుని, దూరంగా సింకు పక్కన గట్టు మీద పెట్టాడు. వర్జిల్ ఒక చీల తీసుకుని నంబరు పైకి చదివాడు. రోవెనా తుపాకీ మీద నంబరు పైకి చదివింది. రెండూ ఒకటే. చీల మొండికేసి, తరవాత దిగింది.

తిరిగి వచ్చేటప్పుడు హార్లన్ నది ఒడ్డు దారిన బండి నడిపాడు. సీసా ఆపిల్ బటర్ వర్జిల్ ఒళ్లో వెచ్చగా ఉంది. బండి వంతెన దగ్గరికి వచ్చింది.

"నీ సంగతి రోవెనాకి చెప్పాలి," అన్నాడు వర్జిల్. "ఇవాళే."

హార్లన్ దారి మీంచి చూపు తిప్పలేదు.

"చెప్పావు. అన్నీ వరసగా చెప్పావు."

"ఏమంది?"

"నా బల్ల నాకే అంది. నన్ను అబద్ధాలవాడంది."

"సరిగ్గానే అంది," అన్నాడు వర్జిల్. సీసాని రెండు చేతులతో పట్టుకుని కిటికీలోంచి నీళ్ల వైపు చూశాడు. మలుపు తిరిగి ఇంటి దారి పట్టాక మళ్లీ అడిగాడు. హార్లన్ మళ్లీ మొదటి నుంచి చెప్పాడు.